పడుగు పక్కన నడిచే గుర్రం

మా వాడలో గుర్రాలు పెంచిన తాత పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. మనసు కాస్త కుదుటపడ్డాక నిదానంగా రాద్దామనుకున్నాను. కానీ ఆయన వదిలిపోయిన పిల్ల గుర్రానికి అంత వ్యవధి లేదు. శివరాత్రి తెల్లారి దాన్ని ఒక బేరగాడు తోలుకుపోతాడు. తాత గుర్రాలకు ఎట్లా నేర్పేవాడో తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు నా మాట చేరాలంటే ఇప్పుడే రాయాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఆయన బతికుండగా ఆయనతో చెప్పవలసిన మాట ఒకటి నేను చెప్పలేదు. అది కూడా ఇందులోనే చెప్పుకోవాలి.

ఆయన మాకు చుట్టం కాదు. నారాయణపేటలో మాది మగ్గాల వాడ, వాడ చివర రేకుల కొట్టం ఆయనది. వయసులో ఉన్నప్పుడు బస్టాండు దగ్గర జట్కా తోలేవాడట. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది గానీ ఆయన గుర్రాన్ని వదల్లేదు. పెండ్లి బారాతులకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన అందరికీ పెండ్లిగుర్రం తాతే. కొత్తకోట నుంచి, మహబూబ్‌నగర్ నుంచి కూడా గుర్రాలున్నవాళ్లు మాట వినని గుర్రాన్ని పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. పది రోజులు కొట్టంలో ఉంచి, వాళ్లూ ఉండి, నేర్చుకుని పోయేవాళ్లు. వాళ్ల పేర్లు తాత ఎక్కడా రాసిపెట్టలేదు. ఆయనకు రాయడం రాదు.

కొట్టంలోకి పోయే ముందు తాత చిన్నగా దగ్గేవాడు. తను వస్తున్నట్టు గుర్రానికి తెలియాలని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే సొంత ఇంట్లోకి పోయేటప్పుడు కూడా దగ్గి పోయేవాడు. మనుషుల దగ్గరికి కూడా ఎదురుగా కాకుండా పక్కనుంచి వచ్చేవాడు. చలికాలం కళ్లెం పెట్టాల్సి వస్తే ఆ ఇనుప కడ్డీని ముందు తన చంకలో కాసేపు పెట్టుకుని వెచ్చబడ్డాకే గుర్రం నోటికి ఇచ్చేవాడు. జేబులో ఎప్పుడూ వేయించిన శనగలుండేవి. అవి వాడలో పిల్లలకు. గుర్రాలకు చేత్తో ఒక్క గింజ పెట్టేవాడు కాదు.

రెండేళ్ల కింద చలికాలంలో ఆయన ముసలి గుర్రం చనిపోయింది. ఇక చాలించుకుంటాడని అందరం అనుకున్నాం. నెల తిరగకముందే కర్ణాటక వైపు సంతకు పోయి ఏడాదిన్నర ఆడ గుర్రప్పిల్లను తెచ్చాడు. గోధుమ రంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లటి చుక్క. చుక్క అనే పేరు పెట్టాడు. అప్పుడు నేను డిగ్రీ ఆఖరు సంవత్సరం. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. కాలేజీకి పోయేముందు రోజూ కొట్టం దగ్గర నిలబడేదాన్ని.

మొదటి మూడు రోజులు తాత చేసిందల్లా ఒక్కటే. కొట్టం మధ్యలో గంప బోర్లించి, దాని మీద చుక్కకు వీపు పెట్టి కూచుని, తాడు పేనుకోవడం.

"తాతా, గిట్ల కూసుంటె అదెట్ల అలవాటైతది? పోయి పట్టుకోరాదు?" అన్నాను.

"పట్టుకుంటె నిలబడ్తది బిడ్డా. అలవాటు గాదు."

"మరి వీపెందుకు?"

"మనం దాని దిక్కే సూస్తె అది మన కండ్లకు బెదుర్తది. వీపు సూపిస్తె అది మనల్ని సూస్తది. దానికి ఎప్పుడు బుద్ధి పుడితె అప్పుడొస్తది. నాకేం పని ఉంది, పింఛనోణ్ణి."

నాలుగో రోజు చుక్క మెల్లగా వచ్చి ఆయన మెడ మీద ఊపిరి వదిలింది. తాత కదలలేదు. "సక్కిలిగింతలైతున్నయ్ గదనే" అని ముందుకే చూస్తూ నవ్వాడు. అంతే. లేచి బయటికి వచ్చేశాడు. అది కోరుకున్నదానికన్నా ముందే తను లేవాలట. అప్పుడే రేపు మళ్లీ వస్తుందట.

వారం తర్వాత నా చేతికి తాడు ఇచ్చాడు. "చేతికి చుట్టుకోవద్దు. మడతలు పెట్టి పట్టుకో. పట్టుకున్నట్టూ ఉండాలె, ఇడిసిపెట్టేటట్టూ ఉండాలె." నేను ఆగితే చుక్క ఆగాలి. దాని భుజం నా భుజాన్ని దాటిపోతే తిట్టేది లేదు, గుంజేది లేదు. వెనక్కి తిప్పి మొదలుపెట్టిన చోటికి పోవాలి. యాభై అడుగులు నడవడానికి ఒక్కోసారి గంట పట్టేది. దాణా గంప పెట్టేటప్పుడు అది రెండడుగులు వెనక్కి వేసి నిలబడాలి. "దా" అన్నాకే ముందుకు రావాలి. కాలు ఎత్తడం నేర్పేటప్పుడు భుజం నుంచి గిట్ట దాకా చేయి మెల్లగా జారవిడిచి, అది కాలు తేలిక చేయగానే ఒక క్షణం పట్టుకుని వదిలేసేవాడు. "అది గుంజుకోకముందే నువ్వు ఇడువాలె. అది గుంజుకుంటె నువ్వు ఓడినట్టు. నువ్వు గుంజితె ఇద్దరూ ఓడినట్టు."

మా అవ్వకు, అంటే నాయనమ్మకు, ఇదంతా నచ్చేది కాదు.

"డిగ్రీ సదువుకుంట గుర్రప్పేడ ఎత్తుతున్నవానే? పెండ్లికొడుకు ఎక్కే గుర్రాన్ని ఆడివిల్ల పట్టుకునుడు యాడనన్న ఉన్నదా?"

తాత అవ్వను వదినా అనేవాడు. "వదినా, పెండ్లికొడుకు గంటసేపు కూసుంటడు, దిగి పోతడు. గుర్రం మల్ల ఇంటికి రావాలె గద. దాన్ని తోల్కొచ్చేటోళ్లు ఎవరైతె నీకేంది?"

"నీ మాటలు గుర్రాలే వింటయ్ తియ్యి," అనేది అవ్వ.

మా వాడ గురించి ఒక మాట చెప్పాలి. పొద్దున్నే ఎండ ముదరకముందు మా దగ్గర పడుగు సాగదీస్తారు. నేతకు నిలువుగా వేసే నూలు అది. వాడ పొడుగునా ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ పాతి, వేల పోగులను నడుమెత్తున బిగించి, అన్నం గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. ఒక పక్క పడుగు, ఇంకో పక్క మోరీ, అంటే మురుగు కాలువ. మధ్యలో మనిషి, గుర్రం కలిసి పోయేంత దారి మాత్రమే. కొట్టంలోంచి బయటికి పోవాలంటే ఇంకో తోవ లేదు. ఇప్పుడు వాడలో ఈ పని చేసేది రెండిండ్లవాళ్లే. అందులో ఒకటి మా నాన్నది. ఆయన్ని నేను బాపు అంటాను.

తాతకు అదే బడి. "పడుగు పక్కపొంటి పోగు కదలకుంట నడిచిన గుర్రం ఎంత పెద్ద బారాతులనైనా నిలబడ్తది," అనేవాడు. మొదటిసారి చుక్కను తెచ్చినప్పుడు బాపు కుంచె ఆపి అడ్డం నిలబడ్డాడు.

"పెద్దాయినా, నీ మీద నాకు నమ్మకముంది గని దాని మీద లేదు."

"నా మీద ఉంటె సాలు. ఆ నమ్మకాన్ని దాని దాంక నేను తోల్కపోత," అన్నాడు తాత.

ఆ రోజు నుంచి పడుగు సాగదీసినప్పుడల్లా చుక్క దాని పక్కన నడిచింది. ఆ చివర గుంజ దగ్గర తాత ఆగేవాడు, అది ఆగేది. ఆయన దాని మెడ మీద రెండుసార్లు తట్టి, వెనక్కి తిప్పేవాడు.

ఇక నేను చేసిన పని. చుక్క తాత దగ్గరికి పిలవకుండానే వచ్చేది. నా దగ్గరికి తాడుతోనే వచ్చేది. నాకు అది చిన్నతనంగా అనిపించింది. ఒకరోజు బాపుకు గంజి కలిపి, చేయి సరిగా కడుక్కోకుండానే కొట్టం దగ్గరికి పోయాను. చుక్క నా అరచేయి నాకింది. మరునాడు గిన్నెలో మిగిలిన గంజిని దోసిట్లో పోసుకుపోయాను. తాత లేని సమయం చూసి పది రోజులు అట్లా పెట్టాను. చేత్తో ఏదీ పెట్టవద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసు. కానీ చుక్క నన్ను చూడగానే సన్నగా సకిలించడం మొదలుపెట్టింది. అది నా మీద ప్రేమ అనుకున్నాను. అది నా చేతి మీద ఉన్న గంజి కోసం.

పదకొండో రోజు పొద్దున బాపు ఎర్ర పడుగు సాగదీసి అప్పుడే గంజి పట్టించాడు. తాత చుక్కను తోలుకొస్తున్నాడు. నేను గంజి గిన్నెతో గడప దాటాను. చుక్క ముక్కుపుటాలు విప్పి నా వైపు చూసింది. తర్వాత పడుగు వైపు తిరిగింది. అక్కడ వాడ పొడుగునా గంజే. ఒక్క అడుగు పక్కకు వేసి మూతి పోగుల్లో పెట్టింది. పోగులు పండ్లకు చిక్కాయి. బెదిరి తల ఎగరేసింది. ముందరి కాలు పడుగులో పడింది. గుంజ పెకలిపోయి, రెండు నెలల నేతకు సరిపోయే నూలు పోయి మోరీలో పడింది.

తాత తాడు గుంజలేదు. వదిలేశాడు. గుంజి ఉంటే అది ఇంకా ఎగిరి ఉన్న పోగులన్నీ తెంపేదని నాకు తర్వాత అర్థమైంది. పక్కనుంచి వచ్చి, మెడ మీద చేయి వేసి, భుజం నుంచి కిందికి జార్చాడు. వణుకుతూనే చుక్క కాలు ఇచ్చింది. ఆయన ఒక్కో పోగు తీసి, కాలు కింద పెట్టించాడు.

అప్పటికే వాడ అంతా బయటికి వచ్చింది.

"గుర్రాలకు గీ వాడ జాగానా?"

"ఇయ్యాల పడుగు మీద పడ్డది, రేపు పోరగాండ్ల మీద పడ్తది. తీసెయ్ పెద్దాయినా దాన్ని."

తాత తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "దాని తప్పు గాదు. నాదే. తాడు వదులు జేసిన," అన్నాడు.

ఆయన తాడు వదులు చేయలేదు. నేను చూశాను. ఆయన పట్టు ఎప్పటిలాగే ఉంది. నేను గడప మీద గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. తాత ఒక్కసారి ఆ గిన్నె వైపు చూశాడు. నా ముఖం వైపు చూడలేదు. నేను నోరు విప్పలేదు. నోరు విప్పితే బాపు ముందు, వాడ ముందు, చదువుకున్న బిడ్డ అని నన్ను చూపించుకునే అవ్వ ముందు తల దించుకోవాలి. అంతే కారణం. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

సాయంత్రం తాత బాపు దగ్గరికి వచ్చాడు. "నెల రోజులియ్యి. నెల తర్వాత కూడ అది పడుగు ముట్టుకుంటె నేనే అమ్మేస్త." బాపు తెగిన పోగులు ముడి వేస్తూనే ఉన్నాడు. తర్వాత, "గీ కొస పట్టుకో," అన్నాడు. ఆ రోజూ మరునాడూ తాత పోగుల కొసలు పట్టుకుని కూచున్నాడు. ఆయన లావు వేళ్లకు ముడి వేయడం రాలేదు.

మూడో రోజు పొద్దున ఖాళీ బొచ్చె పట్టుకుని మా గడప ముందు దగ్గాడు. నేను బయటికి వచ్చాను.

"మీ ఇంట్ల గంజి మిగిలితె జరంత పొయ్యి బిడ్డా."

అదే గిన్నె తెచ్చాను. పోశాను. తాత వెంటనే పోలేదు. బొచ్చె పక్కన పెట్టుకుని మా అరుగు మీద, నాకు వీపు పెట్టి కూచున్నాడు. వాడ వైపు చూస్తూ, ఏ తొందరా లేనట్టు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చాలాసేపే కూచున్నాడు. నేను ముందుకు పోలేదు. చివరికి ఆయన మోకాళ్ల మీద చేతులు వేసి లేచి, బొచ్చె తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన ఎవరి దగ్గర అట్లా కూచుంటాడో, ఎందుకు కూచుంటాడో నాకు తెలుసు. నాలుగో రోజుకు చుక్క వచ్చింది. నేను రాలేదు.

ఆ నెలంతా ఆయన మా ఇంటి గంజితోనే నేర్పాడు. ముందు కొట్టంలో బొచ్చె పెట్టి, చుక్కను వెనక్కి నిలబెట్టి, "దా" అనేదాకా ఆపాడు. తర్వాత గంజిలో ముంచిన గుడ్డను కట్టెకు కట్టి దాని పక్కనుంచి నడిపించాడు. మూతి అటు తిరిగితే తిప్పుకుని మొదటికి వచ్చేవాడు. కొట్టలేదు, కసరలేదు. నన్ను కూడా రోజూ పిలిచాడు. నా చేతికే తాడు ఇచ్చాడు. నా చేతుల్లోనే అది ఆ వాసన పక్కనుంచి నడవడం నేర్చుకుంది. నెల దాటాక బాపు కొత్త పడుగుకు గంజి పట్టించాడు. చుక్క ఈ చివర నుంచి ఆ చివరకు పోయి గుంజ దగ్గర ఆగింది. బాపు పోగుల మీద అరచేయి పెట్టి చూసి, "ముడి గూడ కదల్లే," అన్నాడు. తాత ఆ రోజు వాడలో పెద్దవాళ్లకు కూడా శనగలు పంచాడు.

తర్వాత నేను బీఎడ్ కోసం మహబూబ్‌నగర్ పోయాను. సెలవులకు వచ్చినప్పుడల్లా చుక్క ఇంకొంచెం ఎత్తు పెరిగి కనిపించేది. ఇంకా దాని మీద ఎవరినీ ఎక్కించలేదు. ఎముక గట్టిపడాలనేవాడు. ఈ చలికాలం తాతకు ఛాతీలో నెమ్ము చేరింది. మహబూబ్‌నగర్ దవాఖానకు తెచ్చారు. హాస్టల్ నుంచి రోజూ సాయంత్రం పోయి చూసేదాన్ని.

"ఎన్కకాళ్లు ఇంక పూర్తిగ ఇస్తలేదు అది. తొందర పెట్టొద్దని సెప్పుండ్రి," అన్నాడు ఒకరోజు.

"సెప్త తాతా. నువ్వే వచ్చి నేర్పుతవు గద."

ఆయన నవ్వి, మెల్లగా అటు పక్కకు ఒత్తిగిలాడు. వీపు నా వైపు. అలసిపోయాడేమో. ఇంకేదైనా కావచ్చు. "తాతా," అన్నాను. "ఊఁ," అన్నాడు. నేను ఆగాను. ఆయనా ఆగాడు. "రేపొస్త," అని లేచి వచ్చేశాను. మరునాడు మధ్యాహ్నం ఆయన పోయినట్టు ఫోన్ వచ్చింది.

తాతా, గంజి పెట్టింది నేను. పది రోజులు పెట్టాను. తాడు నువ్వు వదులు చేయలేదు.

ఇది అచ్చుకు పంపేముందు బాపుకు చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, అడ్డపోగు దూర్చే నాడె పక్కన పెట్టి విన్నాడు. అయిపోయాక కొంతసేపు నేసిన బట్టను అరచేత్తో సాపు చేస్తూ ఉన్నాడు. "గా పడుగుల చీరెలు మంచిగనే వచ్చినయ్. అది గూడ రాయి," అన్నాడు. రాశాను.

తాత కొడుకు మహబూబ్‌నగర్‌లో ఆటో నడుపుతాడు. నేను చిన్నాయినా అంటాను. ఆయన మీద నాకు కోపం లేదు. "ఇంజను బందు పెడితె ఆటో తిండి అడగది బిడ్డా. గుర్రం గట్లనా? రోజు ఎవరు సూడాలె? దాన్ని సూస్తె బాపు యాదికొస్తడు, నేను నిలబడలేను," అని కండ్లు తుడుచుకున్నాడు. బేరగాడు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. బేరగాడు దాణా గంపతో దగ్గరికి పోగానే చుక్క, తాత నేర్పినట్టు, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. "పిరికిది. ముండ్ల కళ్లెమేస్తె వారంల ఆటాడ్తది," అని అతను నవ్వాడు. ఆ మాట విన్నాక చిన్నాయిన ముఖం కూడా మారింది. మంచిగా చూసేవాళ్లు ఎవరైనా దొరికితే వాళ్లకే ఇస్తానన్నాడు. శివరాత్రి దాకా ఆగుతానన్నాడు. అంతకన్నా ఆగడం ఆయన వల్ల కాదు.

తాత పోయిన మూడో రోజు పొద్దున బాపు పడుగు సాగదీశాడు. ఎవరూ చూడనప్పుడు కొట్టం గడియ ఊడి చుక్క బయటికి వచ్చింది. తాడు లేదు, పక్కన మనిషి లేడు. వాడలో అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. అది పడుగుకు అడుగు దూరంలో, ఒక మనిషికి జాగా వదిలినట్టు మోరీ వైపు ఖాళీ ఉంచి, నడుచుకుంటూ పోయింది. ఆ చివర గుంజ దగ్గర ఆగింది. ఒక చెవి పక్కకు తిప్పి, మెడ కొంచెం వంచి నిలబడింది. చాలాసేపు అట్లాగే నిలబడింది. నేను పోయి మెడ మీద రెండుసార్లు తట్టాకే వెనక్కి తిరిగింది.

తాత దగ్గర గుర్రంతో పది రోజులు ఉండి నేర్చుకున్నవాళ్లలో ఎవరికైనా, లేదా అట్లా చూసుకోగలిగే ఇంకెవరికైనా చుక్క కావాలంటే, శివరాత్రికి ముందు రోజు లోపల ఈ పత్రికకే నా పేరున ఒక ఉత్తరం ముక్క రాయండి. చదువు రానివాళ్లకు ఇంట్లో చదువుకున్న పిల్లలు ఇది చదివి వినిపించి, వాళ్ల మాటగా రాయండి. మీకెంత జాగా ఉంది, ఎన్ని గుర్రాలున్నాయి అని నేను అడగను. ఒక్కటే చెప్పండి. గుర్రం కాలు ఇచ్చినప్పుడు ముందు వదిలేది ఎవరు, మీరా, అదా?